మూడంగుళాల గొట్టం... లక్షల్లో బేరం

పాత రివాల్వర్ విలువ తేల్చేది తయారీదారు పేరు కాదు, బోరు అంకె

బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ సంస్థ రివాల్వర్ల తయారీకి 1970ల చివర స్వస్తి చెప్పింది. అక్కడి నుంచి వెలువడిన చివరి రివాల్వర్లకు సైతం ఇప్పుడు నాలుగున్నర దశాబ్దాల వయసుంటుంది. అయినా చింత చచ్చినా పులుపు చావనట్లు, భారతదేశంలోని ఆయుధ లైసెన్సుదారులలో ఆ పేరుకున్న మోజు తగ్గలేదు. ముఖ్యంగా ‘మార్క్ ఫోర్’ శ్రేణిలో .32 బోరు, మూడంగుళాల గొట్టం గల జేబు రకం ఎక్కడైనా అమ్మకానికి వచ్చిందంటే బేరం లక్షల్లోనే మొదలవుతుంది. అదే సంస్థ ముద్రతో, అదే ఆకారంలో, చూపులకు అంతకంటె దిట్టంగా ఉండే .38 బోరు రివాల్వర్‌ను మాత్రం సాధారణ లైసెన్సుదారుకు ఉచితంగా ఇచ్చినా పుచ్చుకునే వీలులేదు. రెండింటి గుండ్ల వ్యాసంలో ఉన్న తేడా అంగుళంలో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే.

తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉన్న కుటుంబాలకు ఈ తేడా 2019 తరువాత మరింత ముఖ్యమైపోయింది. ఆ సంవత్సరం డిసెంబర్ 14 నుంచి అమలులోకి వచ్చిన ఆయుధ చట్ట సవరణ, ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. ప్రభుత్వం మొదట ప్రతిపాదించినది ఒక్కటే. అభ్యంతరాలు రావడంతో రెండుకు అంగీకరించింది. మూడోది ఉన్నవారు ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లోగాని, లైసెన్సు పొందిన ఆయుధ వ్యాపారి వద్దగాని దాఖలు చేయవలసి వచ్చింది. ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న ప్రశ్న వేల ఇళ్లలో తలెత్తింది. తమ చేతిలో ఉన్నదేమిటో తెలియనివారు కొత్తగా మెరుస్తున్నదాన్ని ఉంచుకుని, మాసిపోయిన పాతదాన్ని వదులుకునే ప్రమాదం అక్కడే ఉంది.

యుద్ధం చేసిన ముద్ర

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన .455 వెబ్లీ రివాల్వర్ బరువైనది, తగినంత శిక్షణ లేని చేతికి లొంగనిది. యుద్ధానంతరం అంతకంటె తేలికైనది కావాలని సైన్యం కోరగా వెబ్లీ సంస్థ .38 బోరులో ‘మార్క్ ఫోర్’ను రూపొందించింది. ప్రభుత్వం దానిని పరిశీలించి, కొద్ది మార్పులతో ఎన్‌ఫీల్డ్‌లోని తన సొంత కర్మాగారంలో తయారు చేసుకోవడం మొదలుపెట్టింది. తన రూపకల్పనను వాడుకున్నందుకు 2,250 పౌండ్లు ఇప్పించాలని వెబ్లీ కోరింది. చివరకు ఆవిష్కర్తల పారితోషికాలను నిర్ణయించే రాయల్ కమిషన్ 1,250 పౌండ్లతో సరిపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఎన్‌ఫీల్డ్ ఉత్పత్తి ఒక్కటే చాలక అదే ప్రభుత్వం అదే వెబ్లీ నుంచి ‘మార్క్ ఫోర్’ను భారీగా కొనుగోలు చేయవలసి రావడం ఆ కథకు కొసమెరుపు.

యుద్ధకాలపు తుపాకులకు సానపట్టే తీరిక ఎవరికీ లేదు. ఆ గరుకుతనం తమ పనితనానికి మచ్చ తెస్తుందని భావించిన సంస్థ, చట్రం మీద ‘వార్ ఫినిష్’ అనే మాటలు చెక్కించింది. ఆ ముద్ర ఉన్న .38 రివాల్వర్లు లెక్కకు మిక్కిలిగా ప్రపంచమంతటా చెదిరిపోయాయి. వలస రాజ్యాల పోలీసు బలగాల చేతుల్లోకీ వెళ్లాయి. వీటిలో ఎక్కువ వాటికి అయిదంగుళాల గొట్టం ఉంటుంది. బరువు కిలోకు అటూ ఇటూ.

.32 బోరు కథ వేరు. అది సైన్యం కోసం తయారైనది కాదు. ఇంటి రక్షణకు, కోటు జేబులో పెట్టుకునేందుకు పౌర విపణిలోకి వచ్చిన చిన్న సరుకు. సైనిక కొనుగోళ్లు లేవు కనుక దాని ఉత్పత్తి ఎప్పుడూ .38 స్థాయికి చేరలేదు. బొటనవేలితో మీటను నొక్కగానే గొట్టం ముందుకు వంగి, ఆరు ఖాళీ తూటాలూ ఒక్కసారిగా పైకి లేచే ఏర్పాటు మాత్రం రెండింటికీ ఒకటే. ఈ పోలికే సామాన్యుణ్ణి తికమక పెడుతుంది.

చట్టం గీసిన గీత

1959 నాటి ఆయుధ చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు తుపాకులను బోరును బట్టి విభజించాయి. సైన్యం, పోలీసులు వాడే తూటాలను పేల్చగల ఆయుధం ప్రైవేటు చేతుల్లో ఉంటే సర్కారీ మందుగుండు బయటకు జారిపోతుందన్నది ఈ విభజన వెనుక ఉన్న తర్కం. అందువల్ల .380, .455 తూటాలను, సర్వీసు 9 మిల్లీమీటర్ల తూటాలను పేల్చగల పిస్తోళ్లు, రివాల్వర్లు నిషేధిత శ్రేణిలో చేరాయి. సైన్యంలో .380 అని పిలిచే తూటాయే వెబ్లీ .38లో పడేది. వాటికి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ అనుమతి కావాలి. అది అరుదైన సందర్భాలలో తప్ప లభించదు. .32 రివాల్వర్ ఆ గీతకు ఇవతల నిలిచింది. దానికి జిల్లా స్థాయిలో లైసెన్సు ఇస్తారు.

గీత ఇవతల ఉన్న సరుకు కూడా 1980ల దశకం మధ్య నుంచి రావడం ఆగిపోయింది. విదేశీ తుపాకుల దిగుమతిని ప్రభుత్వం ఆపివేసింది. పేరుపొందిన క్రీడా షూటర్లకు మాత్రమే మినహాయింపు మిగిలింది. అప్పటికి దేశంలో ఉన్నదే మొత్తం నిల్వ. తుప్పు పట్టినవి, స్వాధీనమైనవి, ధ్వంసమైనవి పోగా ఆ నిల్వ ఏటా తరుగుతున్నదే తప్ప పెరిగే మార్గం లేదు. కస్టమ్స్ శాఖ పట్టుకున్న విదేశీ ఆయుధాలలో నిషేధం లేనివాటిని పార్లమెంటు సభ్యులు తదితర ప్రముఖులకు విక్రయించే పద్ధతి ఒకటి సాగింది. సమాచార హక్కు చట్టం కింద ఆ జాబితాలు బయటపడినప్పుడు, ఈ సరుకుకు ఎంతటి గిరాకీ ఉన్నదో లోకానికి తెలిసివచ్చింది.

దేశీయంగా ఆ లోటును పూరించే బాధ్యత కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ మీద పడింది. అక్కడి .32 రివాల్వర్ కూడా వెబ్లీ ‘మార్క్ ఫోర్’ను అనుసరించినదే. ఆరు తూటాలు, మూడంగుళాల గొట్టం, సుమారు 700 గ్రాముల బరువు. 2014 జనవరిలో అదే నగరంలోని ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ పేరిట టైటానియం మిశ్రమ లోహంతో తేలికపాటి .32 రివాల్వర్‌ను మహిళల కోసమంటూ విడుదల చేసినప్పుడు దాని ధర 1,22,360 రూపాయలు. కొత్త, హామీ గల దేశీయ వస్తువుకు పలికిన ధర అది. పాతబడిన విదేశీ వెబ్లీకి అంతకు కొన్ని రెట్లు అడిగేవారూ ఉన్నారు, ఇచ్చేవారూ ఉన్నారు.

తుపాకీ నాణ్యతకు ఈ వ్యత్యాసంతో సంబంధం స్వల్పమేనని చెప్పాలి. అమెరికా వేలం పాటల్లో సాధారణ స్థితిలో ఉన్న ‘మార్క్ ఫోర్’ .38 కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. వెబ్లీ పుట్టిన బ్రిటన్‌లోనైతే 1996 నాటి డన్‌బ్లేన్ పాఠశాల కాల్పుల ఘోరం దరిమిలా 1997లో చేతి తుపాకుల ప్రైవేటు స్వామ్యాన్నే దాదాపుగా నిషేధించారు. ఒకే వస్తువు ఒక దేశంలో మామూలు పాత సామాను, మరో దేశంలో అంటరాని సరుకు, మన దేశంలో ఆస్తి. మూడు చోట్లా ధర కట్టింది చట్టమే.

ఏది అసలు?

ధర లక్షలకు చేరిన చోట నకిలీ రాక మానదు. పాకిస్థాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో దర్రా ఆదమ్ ఖేల్ అనే ఊరు వంద సంవత్సరాలకు పైగా తుపాకుల నకళ్లకు ప్రసిద్ధి. అక్కడి పనివారు వెబ్లీని చూసి వెబ్లీని, ఎన్‌ఫీల్డ్‌ను చూసి ఎన్‌ఫీల్డ్‌ను చేతి ఆకురాళ్లతో తయారు చేస్తారు. ముద్రలను కూడా విడిచిపెట్టరు. అయితే ఇంగ్లీషు అక్షరాలను బొమ్మల వలె చూసి చెక్కడం వల్ల వర్ణక్రమం తప్పుతుంది, అక్షరం తిరగబడుతుంది, రాజకిరీటం వంకర పోతుంది. మన బీహార్‌లోని ముంగేర్‌లో లైసెన్సుతో నడిచే తుపాకుల తయారీతో పాటు చాటుమాటు వ్యాపారమూ పాతదే. విదేశీ తయారీ అన్న చెక్కడంతో అక్కడి నాటు పిస్తోళ్లు పోలీసులకు చిక్కడం తరచు వినే వార్తే. ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత ఈ సరుకుకు అక్షరాలా వర్తిస్తుంది.

కాబట్టి తెలిసినవారు పేరును చివరకు చూస్తారు. మొదట చూసేది పరీక్షా ముద్రలను. బ్రిటన్‌లో అమ్మకానికి వెళ్లే ప్రతి తుపాకీనీ అధిక పీడనంతో పేల్చి పరీక్షించి ముద్ర వేయడం చట్టరీత్యా తప్పనిసరి. బర్మింగ్‌హామ్‌లో ఆ పని చేసే ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. ఆధునిక పొగరాని మందుకు 1904 నుంచి కిరీటం కింద ‘ఎన్‌పీ’ అన్న అక్షరాలు వేసేవారు. 1954 నాటి కొత్త నిబంధనలతో ఆ స్థానంలో ‘బీఎన్‌పీ’ వచ్చింది. ఈ ఒక్క అక్షరం తుపాకీ 1950ల మధ్యకు ముందుదో, తరువాతదో చెప్పివేస్తుంది. అమ్మేవాడు యుద్ధానికి ముందటిదని చెబుతూ ‘బీఎన్‌పీ’ ముద్ర ఉన్నదాన్ని చూపితే ఆ బేరం అక్కడే ఆగిపోవాలి. 1925 నుంచి మూడు దశాబ్దాల పాటు ఇతర దేశాలలో తయారై బ్రిటన్‌లో పరీక్షకు వచ్చిన వాటిపై ‘ఇంగ్లండ్‌లో తయారైనది కాదు’ అనే అర్థమిచ్చే మాటలు కూడా వేసేవారు. బెల్జియం, స్పెయిన్ నకళ్లను పట్టించేవి ఆ మాటలే.

తరువాత చూసేది బోరు. గొట్టం పైపట్టీ మీద అంకె ఉంటుంది. అంకెతో ఆగకుండా సిలిండరు గదుల కొలత తీసుకోవాలి. .32 అన్న అంకె కూడా మోసకారిదే. స్మిత్ అండ్ వెసన్ 1878లో తెచ్చిన పొట్టి .32 తూటా ఒకటి, 1896లో వచ్చిన ‘.32 లాంగ్’ మరొకటి, ఆటోమేటిక్ పిస్తోళ్లలో వాడే 7.65 మిల్లీమీటర్ల .32 ఇంకొకటి. లైసెన్సు పుస్తకంలో మూడింటికీ ‘.32 బోరు’ అనే రాస్తారు. దేశంలో ఖడ్కీ ఆయుధ కర్మాగారం నుంచి రివాల్వర్లకు వచ్చేది ‘లాంగ్’ తూటా. పొట్టి తూటాకు మాత్రమే సరిపోయే పాత జేబు రివాల్వర్ ఎంత ముచ్చటగా ఉన్నా దానికి తూటా సంపాదించడం కష్టం. తూటా దొరకని తుపాకీని కొనేవాడు తక్కువ.

మూడోది గొట్టం పొడవు. జేబు రకానికి విలువంతా పొట్టితనంలో ఉంది కనుక, నాలుగు, అయిదంగుళాల గొట్టాన్ని కోసి మూడంగుళాలదిగా చూపే ప్రలోభం ఎక్కువ. కోసిన గొట్టం చాలా సందర్భాలలో తనను తానే బయటపెట్టుకుంటుంది. ముందు గురి ఉండవలసిన చోట ఉండదు. దాన్ని తిరిగి అతికించిన జాడ కనిపిస్తుంది. ముద్ర సగంలో తెగిపోతుంది. మూతి అంచు నునుపు కర్మాగారపు పనితనానికి సరితూగదు. ఇది ధర తగ్గడంతో పోయేది కాదు. అనుమతి లేకుండా గొట్టాన్ని కురచ చేయడం ఆయుధ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం నేరం. అరుదైన రకమని లక్షలు పోసి కొన్నది కోసిన గొట్టమని తేలితే కొన్నవాడు పోగొట్టుకునేది డబ్బొక్కటే కాదు.

సంఖ్యలదీ అదే తీరు. చట్రం మీది క్రమసంఖ్యకు, సిలిండరు, గొట్టాల మీది గుర్తులకు పొంతన కుదరాలి. సంఖ్య చెరిపివేసినా, మార్చినా ఎనిమిదో సెక్షన్ వర్తిస్తుంది. గుర్తులు లేని తుపాకీని అమ్మడానికీ వీలులేదు. చెరిపిన సంఖ్య ఎన్నటికీ దొరకదనుకోవడం భ్రమ. సంఖ్యను అచ్చు గుద్దినప్పుడు లోహం లోపలి పొరలు కూడా ఒత్తిడికి లోనవుతాయి. పైభాగాన్ని ఆకురాయితో రుద్దినా రసాయనాలు పూస్తే ఆ పొరలు తేడాగా స్పందించి అంకెలు లీలగా బయటపడతాయి. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో ఇది నిత్యకృత్యమైన పని. హైదరాబాద్ రామంతపూర్‌లోని కేంద్ర ప్రయోగశాలలోనూ తుపాకుల పరీక్షా విభాగం ఉంది.

సంఖ్య ఎంత పని చేయగలదో చెప్పడానికి 2016లో ఇండోర్‌లో జరిగిన సంగతి చాలు. సరిహద్దు భద్రతా దళానికి చెందిన ఆయుధ శిక్షణ కేంద్రం మ్యూజియంలో చాలా ఏళ్లుగా నల్లరంగు పూసిన పాత పిస్తోళ్లు కొన్ని పడి ఉన్నాయి. 1928 డిసెంబర్ 17న లాహోర్‌లో సాండర్స్‌ను కాల్చిన కేసులో భగత్ సింగ్ పిస్తోలుగా రికార్డులకెక్కిన .32 కోల్ట్ ఆటోమేటిక్ సంఖ్య 168896. రంగు గీకి చూడగా ఆ సంఖ్య ఒకదానిపై బయటపడింది. అంతవరకు మామూలు సామానుగా ఉన్నది తరువాత పంజాబ్‌లోని హుస్సేనీవాలాకు జాతీయ స్మృతిచిహ్నంగా చేరింది. రివాల్వర్ కాకపోయినా, కాగితంలోని అంకెకు ఇనుము మీది అంకె తోడైతే ఏమి జరుగుతుందో ఇంతకంటె తేటగా చెప్పే ఉదాహరణ లేదు.

మెరుగు చేటు

పాతదాన్ని అమ్మే ముందు కాస్త మెరుగు పెట్టిస్తే ధర వస్తుందనుకుని కొత్త నల్లపూత వేయించేవారు ఎందరో. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, ఆ సానపట్టడంలో పరీక్షా ముద్రల అంచులు అరిగిపోతాయి, అసలు పూత పోతుంది, అనుమానం మిగులుతుంది. అమెరికాలో ఇదే తీరు మరో రూపంలో జరిగింది. .455 తూటాలు అక్కడ దొరకడం కష్టం కావడంతో, సులభంగా లభించే .45 తూటా పట్టేందుకు దిగుమతైన వెబ్లీల సిలిండర్ల వెనుకభాగాన్ని అరగదీశారు. ఆనాడు అది అమ్మకానికి అనుకూలించింది. నేడు సేకరణకర్తలు అరగదీయనివాటినే వెతుక్కుంటూ వాటికే ఎక్కువ ఇస్తున్నారు.

కలకత్తాలోని మాంటన్, రాడ్డా వంటి నాటి దుకాణాల పేర్లు చెక్కి ఉన్న తుపాకులకు అదనపు ఆకర్షణ ఉంటుంది. 1914 ఆగస్టులో విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లను, 46 వేల తూటాలను తరలించుకుపోయింది ఆ రాడ్డా కంపెనీ సరుకు నుంచే. అయితే దుకాణం పేరు కంటె, కొన్ననాటి రసీదు, తరతరాల లైసెన్సు పుస్తకాలు కొనుగోలుదారుకు ఎక్కువ ధీమానిస్తాయి. జాతీయ సమాచార నిధిలో చేరి విశిష్ట సంఖ్య పొందిన లైసెన్సు మీద ఉన్న తుపాకీకే ఈ రోజున మార్కెట్ అనేది ఉంది.

వెబ్లీ అనే పేరు ఒక్కటే ఇక గుర్తింపు కాదనడానికి ఇటీవల మరో కారణం చేరింది. ఉత్తరప్రదేశ్‌లో హర్దోయి జిల్లా సండీలాలో లక్నోకు చెందిన భాగస్వామితో కలిసి ఆ పేరుతోనే .32 రివాల్వర్ల తయారీ మొదలైంది. అది నకిలీ కాదు, చట్టబద్ధమైన కొత్త సరుకు. కాని బర్మింగ్‌హామ్ ధరకు సండీలా సరుకు అంటగట్టే దళారీకి ఆ పేరు పనికొస్తుంది.

ధర కట్టేదెవరు?

వంద సంవత్సరాలు దాటితే పురావస్తువు కదా, లైసెన్సు ఎందుకన్న అపోహ ఒకటి ప్రచారంలో ఉంది. పాతకాలపు ఆయుధానికి చట్టం ఇచ్చే మినహాయింపు, మరమ్మతు చేసినా పేలే అవకాశం లేనిదానికే పరిమితం. 1898లో వెబ్లీ తెచ్చిన హ్యామరు బయటకు కనిపించని జేబు రివాల్వర్ ఈనాటికీ పేలగలిగితే దానికీ లైసెన్సు ఉండవలసిందే. పైగా వందేళ్లు నిండిన వస్తువును దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తు చట్టం అడ్డుపడుతుంది. అంటే విదేశీ వేలం దారి కూడా మూసుకున్నట్లే.

మిగిలింది స్థానిక వ్యాపారి. ఇక్కడే వారసులకు అన్యాయం జరిగే వీలుంది. అచ్చయిన ధరల పట్టిక లేదు, బహిరంగ వేలం లేదు. ధర కట్టేవాడే కొనేవాడు. లైసెన్సుదారు మరణిస్తే ఆయుధాన్ని వెంటనే పోలీసుల వద్దగాని, వ్యాపారి వద్దగాని దాఖలు చేయాలి. గడువులోగా వారసుడు లైసెన్సు పొందకపోయినా, అర్హుడికి అమ్మకపోయినా అది ప్రభుత్వపరమవుతుంది. దుఃఖంలో ఉన్న కుటుంబానికి గడువు దగ్గరపడే కొద్దీ, “పాత ఇనుమండి, ఎవరు కొంటారు” అన్న మాటే తీర్పులా వినిపిస్తుంది.

2016 నాటి ఆయుధ నిబంధనలు ఒక వెసులుబాటు ఇచ్చాయి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా తన వద్ద ఉన్నా, బతికుండగానే వారసుడి పేరిట బదిలీ కోరవచ్చు. తీరిగ్గా గుర్తింపు జరిపించుకుని, ఒకరికి ఇద్దరిని అడిగి ధర తెలుసుకునే వ్యవధి ఆ దారిలో దొరుకుతుంది. కాకపోతే 2019 సవరణ వారసత్వపు తుపాకీని కూడా రెండింటి పరిమితిలోనే లెక్కించింది. ఇప్పటికే రెండున్న కొడుకుకు తండ్రి వెబ్లీ దక్కాలంటే ఉన్నవాటిలో ఒకటి పోవాలి.

ఇక దాఖలు చేసేవారు రసీదును చదువుకోవాలి. అందులో ‘.32 రివాల్వర్, ఒకటి’ అని మాత్రమే రాసి ఉంటే కాన్పూర్‌దీ, సండీలాదీ, బర్మింగ్‌హామ్‌దీ కాగితం మీద ఒక్కటే అయిపోతాయి. తయారీదారు పేరు, క్రమసంఖ్య, గొట్టం పొడవు, పరీక్షా ముద్రలు రాయించుకోవడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఆ నాలుగు వివరాలు రసీదు మీద లేకపోతే, ఏడాది తరువాత తిరిగివచ్చిన తుపాకీ తాము ఇచ్చినదేనని నిరూపించుకోవడానికి కుటుంబం వద్ద నోటిమాట తప్ప ఆధారం ఉండదు.